కూపర్ ఏటి దారిలో

ఆస్ట్రేలియా ఖండము వైశాల్యమున మన భారతదేశమునకు రెండు రెట్లకు మించినది. జనసంఖ్యయో మూడు కోట్లయినను లేదు. ఆ కొలదిమందిలోను పెక్కురు సముద్రతీరమునకు దాపుననున్న నగరములలోనే కాపురముందురు. తీరమును విడిచి లోపలికి పోయినకొలది ఊళ్లు పలుచబడును. మఱికొంత దూరము పోయినచో ఒక పెట్రోలు బంకునకును మఱియొక బంకునకును నడుమ రెండువందలు, మూడువందల కిలోమీటర్ల బయలు తప్ప మఱేమియు కానరాదు. ఎఱ్ఱని నేల, బూడిదవన్నె పొదలు, అంచులు కనబడని ఆకాశము. ఈ లోపలి దేశమును అచ్చటివారు ‘అవుట్‌బ్యాక్’ అందురు. మన మాటలో పెరటి దేశమని చెప్పుకొనవచ్చును. అయితే ఈ పెరడు ఇంటికంటె ఎన్నో మడుగులు పెద్దది.

నాది అనంతపురము జిల్లాలోని ఒక మెట్టపల్లె. వానకై ఆకాశమువంక చూచుటయు, ఎండిన ఏటి యిసుకలో చెలమ త్రవ్వి నీరు తోడుకొనుటయు నేను చిన్ననాటనే యెఱుగుదును. ముప్పది యేండ్ల క్రిందట ఉద్యోగరీత్యా మెల్‌బోర్న్ నగరము చేరితిని. ఆ నగరపు నడివీధిలో ఇద్దరు పురుషుల కంచువిగ్రహము ఉండెడిది. ఒకడు నిలుచుండి దూరమునకు దృష్టి సారించుచుండును; రెండవవాడు ప్రక్కన కూర్చుండి తన పుస్తకమున ఏదో వ్రాసికొనుచుండును. 1865లో నెలకొల్పిన ఆ విగ్రహమును 2017లో భూగర్భ రైలుమార్గపు పనులకై అచ్చటినుండి తొలగించిరి. అంతవరకు నేను పనికి పోవుచు వచ్చుచు దానిని ఎన్ని మారులు చూచితినో లెక్కలేదు. నిలుచున్నవాడు రాబర్ట్ ఓ హారా బర్క్. కూర్చున్నవాడు విలియం జాన్ విల్స్. 1860లో ఈ ఖండమును దక్షిణమునుండి ఉత్తరమునకు అడ్డముగా దాటుటకు బయలుదేరి, తిరుగుదారిలో కూపర్ ఏటి యొడ్డున ప్రాణములు విడిచినవారు. ఏటి యొడ్డున మనుష్యులు ఆకలిచే ఎట్లు చచ్చిరన్న ప్రశ్న కరవుసీమలో పుట్టిన నన్ను విడిచినది కాదు. ఉద్యోగమునుండి విరమించిన పిమ్మట వారు పోయిన దారినే ఉత్తర సముద్రమువరకు పోయి రావలెనని సంకల్పించితిని.

దానికై ఒక చిన్న కారవాన్ కొంటిని. కారవాన్ అనగా చక్రములమీది యిల్లు. ఒక పడక, ఒక గ్యాసు పొయ్యి, చేతులు కడుగుకొనుటకు తొట్టి, నాలుగు అలమరలు, అడుగున నీటిపీపాయి. ఇంతియే దాని సంపద. దానిని వెనుక తగిలించుకొని లాగుటకు బలమైన డీజిలు బండి కావలెను. నేను నూటయేబది లీటర్ల నీరు, రెండు డబ్బాల డీజిలు, మూడు స్టెప్నీ చక్రములు, పార, త్రాళ్లు, మందులపెట్టె, పటములు, ఉపగ్రహ టెలిఫోను సిద్ధపఱచుకొంటిని. బియ్యము, కందిపప్పు, రవ్వ, ఒక జాడీ ఆవకాయ నా భార్య సర్ది పెట్టెను. ఆమెకు మోకాళ్ల నొప్పులుండుటచే నాతో రాలేదు.

నా కూతురు మాత్రము ఈ పయనమునకు సులభముగా ఒప్పుకొనలేదు. “నాన్నా, తోడు లేకుండ ఆ బయళ్లలోనికి ఎందుకు?” అని పలుమారులు వారించెను. నా పట్టుదల చూచి తుదకు రెండు మాటలు తీసికొనెను. ప్రతిదినము సాయంకాలము ఏడు గంటలకు నేనున్న చోటును తెలుపవలెను. “రెండవది, అచ్చటి మనుష్యులు పోవద్దన్నచోటికి పోవద్దు” అనెను. సరే యంటిని. ఆ మాట ఇచ్చునపుడు దాని బరువు నాకు తెలియలేదు.

బర్క్ దండు 1860 ఆగస్టు 20వ తేదీన మెల్‌బోర్న్ నగరపు రాయల్ పార్కునుండి బయలుదేరినది. సాగనంపుటకు దాదాపు పదునైదువేలమంది కూడిరి. అప్పటికి విక్టోరియా సీమ బంగారుగనులచే సిరులు గాంచి, ఇతర సీమలకంటె తాను మిన్న యని చాటుకొనుటకు ఉవ్విళ్లూరుచుండెను. దండులో 19 మంది మనుష్యులు, 26 ఒంటెలు, 23 గుఱ్ఱములు, ఆరు బండ్లు ఉండెను. సామాను ఇంచుమించు ఇరువది టన్నులు. రెండేండ్లకు సరిపడు తిండియే కాక, భోజనపు బల్లయు, కుర్చీలును, బాణసంచాయు, ఒంటెలకు పట్టించుటకై సారాయియు అందుండెను. నాయకుడైన బర్క్ ఐర్లండులో పుట్టిన పోలీసు ఉద్యోగి. ధైర్యశాలి, కాని ఎడారులయందు తిరిగి యెఱుగడు. విల్స్ ఇరువదియాఱేండ్ల యువకుడు. భూమిని కొలుచుటయందును, నక్షత్రములనుబట్టి దిక్కు నిర్ణయించుటయందును నేర్పరి.

ఈ ఒంటెల కథ మన దేశమునకు సంబంధించినది. లాండెల్స్ అను నాతడు వానిని మన దేశమున కొని, ఆనాడు బ్రిటిషు ఇండియాలో భాగమైన కరాచీ రేవున ఓడ కెక్కించి తెచ్చెను. వానితో వానిని మేపి నడుప నేర్చిన మనుష్యులును వచ్చిరి. అందులో సామ్లా అను హిందువు తన యాచారమునకు సరిపడు ఆహారము దొరకక కొలది దినములకే సెలవు పుచ్చుకొనెను. దోస్త్ మహమ్మద్ అను మఱియొకడు కడవఱకు నిలిచెను. పిమ్మట ఒక ఒంటె కరచుటచే అతని కుడిచేయి చెడెను. అతడు స్వదేశమునకు మరలక మెనిండీ అను ఊరిలోనే బ్రతికి అచ్చటనే మృతినొందెను.

మెల్‌బోర్న్‌నుండి మెనిండీ ఏడువందల యేబది కిలోమీటర్ల దూరమున, డార్లింగ్ నది గట్టున నున్నది. దండు అచ్చటికి చేరుటకు దాదాపు రెండు నెలలు పట్టెను. నేను రెండవనాటి సాయంకాలమునకు చేరితిని. ఊరి వెలుపల దోస్త్ మహమ్మద్ సమాధి యొంటిగా నున్నది. చుట్టును ఎఱ్ఱమన్ను, ఎండుగడ్డి. విగ్రహములు వెలసినవారికంటె ఈతడే నాకు దగ్గఱవాడుగా తోచెను. సముద్రములు దాటి వచ్చి, పరుల పనిలో చేయి పోగొట్టుకొని, మాటాడుటకు తన భాషవాడు లేనిచోట బ్రదుకు వెళ్లబుచ్చుట ఎంత కష్టమో నేను కొంత ఊహింపగలను.

మెనిండీయొద్దనే దండు చీలినది. బర్క్‌తో కలహించి లాండెల్స్ ఉద్యోగము మానుకొనెను. విల్స్ రెండవ నాయకు డయ్యెను. అడిలైడ్ వైపునుండి స్టూవర్ట్ అను మఱియొక అన్వేషకుడు ఉత్తరముగా సాగుచున్నాడను వార్త బర్క్ మనసును తొందరపెట్టుచుండెను. అందుచే అతడు సామానులో చాలభాగమును మనుష్యులలో సగమును వెనుక విడిచి, తక్కినవారితో ముందునకు దూకెను. వెనుకవారు త్వరలో వచ్చి కలిసికొందురని ఏర్పాటు. వారు మెనిండీ విడిచి కదలునప్పటికే మూడు నెలలు గడచెను.

బ్రోకెన్ హిల్ అను గనుల పట్టణము దాటినపిమ్మట నేను నిజముగా ఒంటరి నైతిని. గంటకు ఒకటి, రెండు బండ్లు ఎదురగును. ఎదురైన ప్రతివాడును స్టీరింగుమీదినుండి ఒక వ్రేలెత్తి పలుకరించును. ఆ వ్రేలు పైకి లేచుట చూచుటకై నేను మైళ్లకొలది దూరమునుండి కాచుకొనుచుంటిని. రాత్రివేళ దారికి ఎడముగా బండి నిలిపి, అన్నము వండుకొని, బయట కుర్చీ వైచికొని కూర్చుందును. అది జూలై మాసము, అచ్చట చలికాలము. మా యూర దక్షిణపు దిక్కున వాలి కనబడు వృశ్చికరాశి అచ్చట నడినెత్తిన నిలిచి యుండెను. కీచుఱాయి చప్పుడైనను వినరాదు. మొదటి రెండు రాత్రులు ఆ నిశ్శబ్దము నన్ను భయపెట్టినది. మూడవ రాత్రి కునుకు పట్టినది. నాల్గవ రాత్రి నేను దానికై ఎదురుచూచితిని.

దారిలో మిల్పరింకా అను పాత బంగారుపల్లె దాపున ఒక నీటిమడుగు కలదు. 1845లో చార్లెస్ స్టర్ట్ అను అన్వేషకుడు అచ్చట ఆరు నెలలు చిక్కుపడెను. ఖండపు నడుమ ఒక సముద్రముండవలెనని ఆతడు నమ్మెను. పక్షులు లోపలి దేశమువైపు గుంపులుగా ఎగిరిపోవుట చూచి, అవి పోవుచోట నీరుండితీరునని తలచెను. అందుచే 1844లో అడిలైడ్‌నుండి బయలుదేరునపుడు రెండువందల గొఱ్ఱెలతో పాటు ఒక పడవను కూడ బండికెక్కించెను. ఆ పడవను ఎడారిలో వందలకొలది కిలోమీటర్లు ఎడ్లు లాగుకొని వచ్చినవి. పిమ్మట వేసవి మండెను. వెనుకను ముందును గుంటలన్నియు ఎండిపోయెను. ఈ మడుగొక్కటియే మిగిలెను. ఎండ తాళలేక నేలలో గది త్రవ్వుకొని అందు తలదాచుకొనిరి. పనిలేక మనుష్యులు కుంగిపోకుండునట్లు స్టర్ట్ వారిచే కొండమీద రాళ్లగుట్ట పేర్పించెను. జూలైలో వాన కురిసినది. ఆ దినములలోనే రెండవ నాయకుడైన జేమ్స్ పూల్ స్కర్వీ వ్యాధిచే మరణించెను. ఆతని సమాధికడనున్న చెట్టుపై పేరులోని మొదటి యక్షరములు, 1845 అను సంవత్సరము చెక్కియున్నవి.

వింత యేమనగా, స్టర్ట్ ఊహ పూర్తిగా కల్ల కాదు. ఆ ప్రదేశము ఒకప్పుడు సముద్రమే. కాని ఆతడు పది కోట్ల సంవత్సరములు ఆలస్యముగా వచ్చెను. ఆతడు వాన పిమ్మట ఇంకను లోపలికి పోయి, ఒక పెద్ద యేటిని చూచి, దానికి కూపర్ అని ఒక న్యాయమూర్తి పేరు పెట్టెను. ఎదుట ఇసుక తిన్నెలును రాతిబయళ్లును అంతులేక కనబడగా వెనుకకు మరలెను. సముద్రము దొరకలేదు, పడవ మడుగుకడ మిగిలిపోయెను. ఆతడు మాత్రము బ్రతికి యిల్లు చేరెను.

టిబూబరా అను చిన్న ఊరు దాటినపిమ్మట దారి మట్టిదారి. బండ్ల రాకపోకలచే అది ముడుతల రేకువలె అలలు తీరియుండును. చక్రములలో గాలి తగ్గించుకొని మెల్లగా పోవలెను. రాష్ట్రముల సరిహద్దున అడవికుక్కలను ఆపుటకై కట్టిన కంచె ఎదురగును. ఈ కంచె పొడవు ఐదువేల కిలోమీటర్లకు పైమాట. అందలి గేటును తీసి దాటినవాడు దిగివచ్చి మరల మూయవలెను. చూచువా డెవ్వడును లేడు. అయినను మూయని వాడు లేడని అచ్చటివారు గర్వముతో చెప్పుదురు. నేను బండి దిగి గేటు తీసి, దాటి, మరల దిగి మూసితిని. ఒంటరి ప్రయాణికునకు ఇట్టి పనులన్నియు రెండింతలగును.

మెల్‌బోర్న్ విడిచిన తొమ్మిదవ దినమున నేను కూపర్ ఏటి యొడ్డు చేరితిని. ఏరనగా ప్రవాహము కాదు; ఎడారి నడుమ పొడవైన మడుగుల వరుస. ఇరుప్రక్కల గొప్ప చెట్లు. నీటిమీద పెలికాను పక్షులు తేలుచుండెను. కంటికి ఇంపైన ఆ చోటు చూచి, ఇచ్చట ఆకలిచావు లెట్లు కలిగెనని మరల ఆశ్చర్యపడితిని. ఒడ్డుననే ఆ ప్రసిద్ధమైన వృక్షమున్నది. అది కూలిబా అను జాతిచెట్టు. దానిని ‘త్రవ్వుమను చెట్టు’ అని పిలుతురు. వేళ్లకు హాని కలుగకుండ చుట్టును చెక్కబాట వేసియున్నారు.

1860 డిసెంబరులో బర్క్ ఇచ్చట మకాము పెట్టెను. డిసెంబరు 16న విల్స్, కింగ్, గ్రే అను ముగ్గురితో, ఆరు ఒంటెలతో, ఒక గుఱ్ఱముతో, మూడు నెలల తిండితో ఉత్తరమునకు పోయెను. బ్రాహే అను నాతనిని కొందరు తోడుగా మకాముకడ నుంచి, మూడు నెలలు కాచియుండుమని చెప్పెను. వీలైనచో నాలుగు నెలలుండుమని విల్స్ కోరెను. ఆ నలుగురు మండువేసవిలో, ఆపై వానలలో నడచి, 1861 ఫిబ్రవరిలో ఉత్తరపు సముద్రపు పోటునీరు తగులు మడ అడవులు చేరిరి. బురద దాటలేక సముద్రమును కంట చూడకయే వెనుదిరిగిరి. తిండి అప్పటికే మూడింట రెండు పాళ్లు అయిపోయినది. దారిలో ఒంటెలను, గుఱ్ఱమును చంపి తినిరి. ఏప్రిల్ 17న గ్రే చనిపోయెను. గొయ్యి త్రవ్వి పూడ్చుటకు సత్తువ లేక తక్కినవారికి ఒక దినమెల్ల పట్టినది.

ఆ ఒక్క దినమే వారి పాలిటి విధి యయ్యెను. ఏప్రిల్ 21వ తేదీ సాయంకాలమున మిగిలిన ముగ్గురు రెండు ఒంటెలతో మకాము చేరి కేకలు వేసిరి. బదులు పలికినవారు లేరు. బ్రాహే నాలుగు నెలలకు మించి కాచియుండి, తన వారిలో ఒకనికి జబ్బు ముదిరినందున, ఆ దినముననే ఉదయము వెడలిపోయెను. ఎడము తొమ్మిది గంటలు. చెట్టు బెరడు చెక్కి త్రవ్వుమని వ్రాసియుండెను. త్రవ్వగా కొంత తిండియు ఒక లేఖయు దొరకినవి. ఆ రాత్రి బ్రాహే ఇరువదిరెండు కిలోమీటర్ల దూరముననే బస చేసియుండెను. కాని అలసిన ముగ్గురికి ఆ సంగతి తెలియదు, తెలిసినను నడువలేరు.

నన్ను మిక్కిలి కలచినది దీని పిమ్మటి కథ. రెండు దినములు సేదదీరి, బర్క్ నైరుతి దిక్కున మౌంట్ హోప్‌లెస్ అను పశువులశాలకు పోవుటకు నిశ్చయించెను. పోవుచు తానేగిన దిక్కును తెలుపు లేఖను అదే గొయ్యిలో పూడ్చి, అడవిజాతులవారు త్రవ్వకుండునట్లు నేల సరిచేసెను. చెట్టుమీద క్రొత్త గుర్తు ఏదియు చెక్కలేదు. మే 8వ తేదీన బ్రాహే మనసాగక మరల వచ్చి చూచెను. అంతయు తాను విడిచినట్లే యుండెను. త్రవ్వి చూడలేదు, మరలిపోయెను. మే నెల చివర విల్స్ ఒంటిగా అచ్చటికి నడచివచ్చి తన దినచర్య పుస్తకములను ఆ గొయ్యిలోనే దాచెను. బ్రాహే వచ్చిపోయిన జాడ ఆతనికిని కనబడలేదు. ఒకరికై ఒకరు వెదకుచు, ఒక్క గొయ్యికడకే ముమ్మారు వచ్చి, ఒకరి నొకరు కలిసికొనలేకపోయిరి. ఆనాటి యక్షరములలో త్రవ్వుమన్న మాటను బెరడు ఎదిగి కప్పివేసినది. నేను చాలసేపు ఆ బెరడువంక చూచుచు నిలుచుంటిని. నా చిన్ననాట చెలమ త్రవ్వుట ఎవ్వరును వ్రాసిపెట్టి నేర్పలేదు. ఏ యిసుకలో నీరుండునో పెద్దలు చూపిరి. మేము చూచి నేర్చికొంటిమి.

అచ్చటినుండి ఇన్నమింకా అను పల్లె డెబ్బది కిలోమీటర్ల దూరమున్నది. అచ్చటనే ఏటిగట్టున బర్క్, విల్స్ మరణించిన చోటులును, కింగ్ దొరకిన చోటును గుర్తింపబడియున్నవి. వారి ఒంటెలలో లాండా అనునది ఊబిలో దిగబడెను. రాజా అనునది నీరసించి పడిపోయెను. నీరు మోయు ఒంటెలు లేనందున ఏటిని విడిచి ఎడారి దాటుట అసాధ్యమయ్యెను. ఆ ఏటిగట్టున యాండ్రువాంధా అను జాతివారు వేల సంవత్సరములుగా నివసించుచుండిరి. వారు ఈ తెల్లవారిపై జాలిగొని చేపలు ఇచ్చిరి. నార్డూ అను మొక్క కాయల పిండితో చేసిన రొట్టె పెట్టిరి. బర్క్‌కు ఈ చనువు నచ్చలేదు. ఒకసారి వారిలో నొకడు ఒక గుడ్డను తీసికొనగా, భయపెట్టుటకై తుపాకి పేల్చెను. వారు దూరముగా తొలగిపోయిరి. వారితోపాటు చేపలును పోయినవి.

మిగిలినది నార్డూ. ముగ్గురు దినమెల్ల ఆ కాయలు ఏరి దంచుకొని కడుపునిండ తినిరి. ఆకలి తీరెను కాని కాళ్లలో సత్తువ దినదినము తగ్గెను. తిన్నది ఒంటబట్టుట లేదని విల్స్ తన దినచర్యలో వ్రాసికొనెను. ఆ కాయలలో బి1 విటమినును నాశము చేయు పదార్థ మొకటి కలదని, వారి మరణమునకు బెరిబెరి వ్యాధియు ఒక కారణమై యుండునని శాస్త్రజ్ఞులు కొందరు తలచుచున్నారు. విల్స్ జూన్ చివరను, ఆ వెనువెంటనే బర్క్‌ను కన్నుమూసిరి.

ఇన్నమింకాలో ఆ జాతికి చెందిన ఒక వృద్ధురాలు నీటియంచున నార్డూ మొక్కను నాకు చూపెను. నాలుగు రేకుల చిన్న ఆకు. ఆ జాతి మొక్కలు మన వరిమళ్లలోను, చెరువు గట్లలోను మొలచునవియే. మన పిల్లలు కాళ్లతో త్రొక్కుకొని పోవునవియే. “మా యూరనుకూడ ఇట్టి యాకు కలదు, అమ్మా” అంటిని. ఆమె నవ్వి, “తిందురా?” అని యడిగెను. కాయలు తినుట మా వా రెఱుగరంటిని. “మా పెద్దలు దీనిని ఎట్లు వండవలెనో ఎఱిగియుండిరి. ఇదియొక్కటే తిని బ్రదుకలేదు. చేప కావలెను, పక్షి కావలెను, పదిమంది కావలెను” అని ఆమె చెప్పెను.

కింగ్ ఆ పదిమందిని వెదకికొని పోయెను. ఈతడు సిపాయిగా మన దేశమున పనిచేసి, లాండెల్స్ వెంట ఒంటెలతో వచ్చిన ఐర్లండు యువకుడు. ఇద్దరు తోటివారు పోయినపిమ్మట ఆతడు యాండ్రువాంధావారి గుడిసెలకు నడిచెను. తుపాకితో కాకులను కొట్టి వారికి ఇచ్చెను. చేతికి పుండు పడిన ఒక స్త్రీకి చికిత్స చేసెను. వారు ఆతనికి తిండి పెట్టి తమలో ఒకనిగా చూచుకొనిరి. 1861 సెప్టెంబరు 15న హోవిట్ నడిపిన సహాయపు దండు వచ్చి చూచునప్పటికి ఆతడు చిక్కిశల్యమైనను ప్రాణములతో నుండెను. ఏడుగురు చనిపోయిన ఆ యాత్రలో, సముద్రమువరకు పోయి బ్రతికి వచ్చినవాడు కింగ్ ఒక్కడే. బర్క్, విల్స్‌ల యెముకలకు 1863లో మెల్‌బోర్న్‌న రాజలాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. వారిని ఆదుకొన్న జాతివారికి యాత్రాసంఘము కృతజ్ఞతగా ఇత్తడి పతకములు పంపెను. ఆ ఏటిపై వారికి గల హక్కును న్యాయస్థానము అంగీకరించుటకు 2015 రావలసివచ్చినది.

నే నింకను ఉత్తరముగా పోవలసియుండెను. ఇన్నమింకా చేరిన రెండవనాటి రాత్రి వాన కురిసినది. మన లెక్కకు అది వానయే కాదు. చూరునుండి నీరు జారునంత. కాని ఆ నేల జిగటమన్ను. తెల్లవారునప్పటికి దారులన్నియు మూసినట్లు పలక కట్టిరి. మూసిన దారిలో బండి నడిపినచో పెద్ద జరిమానా. మూడు దినములు గడచెను. నాయొద్ద నీరు డెబ్బది లీటర్లుండెను. దినమునకు ఐదు లీటర్ల చొప్పున వాడుకొంటిని. నాల్గవనాడు బసలోని ఇద్దరు ప్రయాణికులు నాకడకు వచ్చి, “రాత్రి మేము ఉత్తరపు దారిన పోవుచున్నాము. చూచువారు లేరు. మీరును మా వెనుక రండు. మూడు బండ్లున్నచో భయమేమి?” అనిరి.

నాకు ఆశ కలిగినది. సముద్రము చూడవలెనని రెండేండ్లుగా కలలు కంటిని. ఈ వయస్సున మరల రాగలనో లేదో తెలియదు. దారి పైకి ఎండినట్లే కనబడుచుండెను. నేను అంగడికి పోయి, అచ్చట ఇరువదియేండ్లుగా నున్న స్త్రీని అడిగితిని. ఆమె నా కారవాన్‌వంక చూచి, “పైన ఎండినది, క్రింద ఎండలేదు. ఉత్తరమున ఇంకను వానలున్నవి. దక్షిణపు దారి రేపో ఎల్లుండో తెఱతురు. నేనైతే ఉత్తరమునకు పోను” అనెను. ఆమె పోవద్దని గట్టిగా చెప్పియుండినచో వాదించియుందునేమో. నేనైతే పోను అన్న మాటకు ఎదురు చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆ సాయంకాలము ఏడు గంటలకు నా కూతురికి ఇన్నమింకాలోనే యున్నానని, దక్షిణపు దారి తెఱవగానే మరలి వచ్చెదనని తెలిపితిని. ఆ ఇద్దరు నాటి రాత్రి పోయిరి. మరునాటి సాయంకాలము ఒక ట్రాక్టరు వారి బండ్లను ఒకదాని వెనుక నొకటి ఈడ్చుకొని వచ్చినది. ఎవరికిని హాని కలుగలేదు. అంగడిలోని స్త్రీ వారిని ఒక్కమాటయు అనక వేడి టీ యిచ్చెను.

ఆఱవనాడు దక్షిణపు దారి తెఱచిరి. నేను సముద్రము చూడకయే మరలితిని. దానికై నాకు చింత లేదని చెప్పిన అబద్ధమగును. మరలి వచ్చు దారిలో చాలదూరము నేను ఎవరికిని వ్రేలెత్తి పలుకరింపలేదు.

అయినను ఆ దినములలో నాకు తోచిన దొకటి యిచ్చట చెప్పవలసియున్నది. బర్క్ పిరికివాడు కాడు. విల్స్ అజ్ఞాని కాడు. వారియొద్ద ధైర్యము, విద్య, ధనము, ఇరువది టన్నుల సామాను ఉండెను. బల్లలు, కుర్చీలు మోసికొనిపోయినవారు అచ్చటి మనుష్యులను అడుగుట అను తేలికవస్తువును వెంట తీసికొనిపోలేదు. తమకు తెలియనిచోట తెలిసినవారు ఉన్నారని కింగ్ ఒక్కడు, అదియు చివరకు, గ్రహించెను. స్టర్ట్ ఎదుటి నేల చెప్పిన మాట విని మరలెను. క్రొత్తచోటికి పోవువాడు ఎంత చదివియున్నను అచ్చటి పిల్లవానికంటె చిన్నవాడే. అనంతపురపు ఏటియిసుకలో చెలమ ఎచ్చట త్రవ్వవలెనో బర్క్ వచ్చి మమ్మడిగియుండినచో మేము చూపియుందుము. కూపర్ ఏటి గట్టువారును అంతియే.